5 వేల మడ మొక్కలు నాటితే 100 కూడా మిగల్లేదు, మళ్లీ నాటాలా?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి తర్వాత చదివేవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. కాకినాడకు దక్షిణంగా, ఉప్పుటేరు పక్కన ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ నేలలో మీ ఆఫీసు వాళ్లంతా కలిసి జూన్ 5న 5 వేల మడ మొక్కలు నాటారు. ఎనిమిది నెలలు తిరిగేసరికి వంద కూడా లేవు. ఆ నేలకూ ఏటికీ మధ్య రొయ్యల చెరువులకు వెళ్లే మట్టిరోడ్డు ఉంది, దాని కింద ఒకే ఒక పైపు తూము. వానాకాలం నీళ్లు వారాల తరబడి నిలబడిపోతాయి, వేసవిలో నేలంతా తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. "ప్రకృతి తనంతట తానే కోలుకుంటుందని చదివాను, మరి ఇక్కడెందుకు కోలుకోలేదు? ఈసారి 10 వేలు నాటితే కొన్నైనా నిలుస్తాయా?" అని అడిగారు.

నాటకండి. 10 వేలు కాదు, లక్ష నాటినా ఇదే జరుగుతుంది. మీ నేలకు పోటు నీళ్లు వచ్చి వెళ్లే దారి మూసుకుపోయింది. ముందు ఆ దారి తెరవండి. తెరిచాక ఒక ఏడాది ఊరికే చూడండి. దగ్గర్లో ఏటి ఒడ్డున తెల్లమడ చెట్లు ఉన్నాయని మీరే రాశారు కదా, వాటి విత్తనాలు నీళ్లతో కొట్టుకొచ్చి వాటంతట అవే మొలుస్తాయి. అప్పటికీ రాకపోతే నాటడం గురించి ఆలోచిద్దాం.

నేను తాళ్లరేవు ప్రాంతంలో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో తిరిగాను. శాస్త్రవేత్తను కాను, కొలతలు తీసి, కూలీలతో కాలువలు తవ్వించి, నర్సరీలు పెంచినవాణ్ని. మొదటి మూడేళ్లలో నా చేతుల్లో చచ్చిన మొక్కలు మీ 5 వేల కంటే చాలా ఎక్కువ. అందుకని మీరు సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇక కారణాలు.

మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది (నీళ్లు ఎక్కుతాయి), రెండుసార్లు పాటు తీస్తుంది (నీళ్లు దిగుతాయి). అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కుతుంది, అష్టమి దగ్గర మందగిస్తుంది. కాకినాడ దగ్గర పెద్ద పోటుకీ పాటుకీ మధ్య తేడా ఒకటిన్నర మీటరు లోపే. గుజరాత్‌లో ఖంభాత్ అఖాతంలో ఇది చాలా మీటర్లు ఉంటుంది, మనకు అంత లేదు. అంటే మన మడ అడవి మొత్తం ఈ కాస్త ఎత్తులోనే సర్దుకుని బతకాలి. ఒక బెత్తెడు ఎత్తు పెరిగితే వేరే జాతి చెట్టు వస్తుంది, ఒక జానెడు తగ్గితే అసలు చెట్టే రాదు. పొలంలో బెత్తెడు తేడా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ అదే చావుబతుకుల లెక్క.

మడ చెట్టు ఉప్పునీళ్లలో బతుకుతుంది కాబట్టి దానికి ఉప్పంటే ఇష్టమని చాలామంది అనుకుంటారు. ఇష్టమేమీ లేదు, ఓర్చుకుంటుందంతే. తెల్లమడ ఆకు అడుగున నాలుకతో తాకి చూడండి, ఉప్పగా ఉంటుంది. లోపలికి వచ్చిన ఉప్పును ఆకుల్లోంచి బయటకు నెట్టేస్తుంది అది. (తిల్ల చెట్టు దగ్గర మాత్రం ఇలాంటి ప్రయోగాలు చేయకండి, దాని పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.) ఆ ఓర్పుకీ ఒక హద్దుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చిన్న మొక్కలు అందులో సగం ఉప్పదనంలో బాగా ఎదుగుతాయి. నీళ్లు వచ్చి, వెనక్కి వెళ్లకుండా ఎండలో ఆవిరైపోతూ ఉంటే ఉప్పు మాత్రం నేలలోనే మిగిలిపోతుంది. ప్రతి పోటుకీ కాస్త ఉప్పు చేరుతుంది, కడిగి తీసుకెళ్లే పాటు లేదు. మీరు చూసిన తెల్లటి పొర అదే. ఉప్పుమడి ఎలా పనిచేస్తుందో మీ నేల సరిగ్గా అలాగే పనిచేస్తోంది.

వానాకాలంలో ఇదే నేలకు ఇంకో రోగం. నీళ్లు నిలబడతాయి. మడ బురద నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటుంది, దాంట్లో ఆక్సిజన్ దాదాపు ఉండదు. అందుకే తెల్లమడ, నల్లమడ చెట్ల చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి లేచి ఉంటాయి, పాటు సమయంలో అవి గాలి పీల్చుకుంటాయి. మూడు నాలుగు గంటలు మునగడం వాటికి మామూలే. మూడు నాలుగు వారాలు మునిగితే పెద్ద చెట్లకే ఊపిరాడదు, జానెడు మొక్క సంగతి చెప్పాలా? వేసవిలో ఉప్పు చంపింది, వానల్లో నిలవ నీరు చంపింది అని మీరు రెండు కారణాలు రాశారు. రెండూ ఒకటే కారణమండి, ఆ తూము.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు. బంగాళాఖాతం నీటిమట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మన తీరంలో మార్చి దరిదాపుల్లో తక్కువగా, అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువగా ఉంటుంది. తేడా దాదాపు ఒక అడుగు దాకా వస్తుంది. పోటూపాటుల తేడాయే ఒకటిన్నర మీటరు లోపు ఉన్న చోట ఒక అడుగు అంటే చిన్న విషయం కాదు. నవంబరులో మీ నేల మీదికి నీళ్లు బాగా ఎక్కుతుంటే "ఇక్కడికి పోటు వస్తోంది కదా" అనుకుంటారు. మార్చి, ఏప్రిల్, మేల్లో అదే నేలకు పెద్ద పోటు కూడా అందకపోవచ్చు. ఆ మూడు నెలలే ఎండ మండిపోయేది, ఉప్పు తేలేది. మీరు నాటింది జూన్ 5న. పర్యావరణ దినోత్సవం కాబట్టి బ్యానర్‌కి బాగుంటుంది గానీ, ఏడాదిలో నేల ఉప్పదనం శిఖరాన ఉండే సమయం అది. గోదావరికి వరద వచ్చి ఏటి నీళ్లు తియ్యబడే ఆగస్టు, సెప్టెంబరు దాకా ఆగితే కనీసం మొక్కకు ఒక అవకాశం ఉండేది. జులై 26న మడ అడవుల దినోత్సవం ఉంది, ఫొటోలే ముఖ్యమైతే ఆ తేదీ కాస్త నయం.

నేను ఈ పాఠం నేర్చుకున్న తీరు చెప్తాను. నేను కొత్తగా చేరిన రోజుల్లో, అడవి మధ్యలో పెద్ద మైదానంలా బోడిగా ఉన్న చోట వరసగా రెండేళ్లు నాటించాం. రెండేళ్లూ పోయాయి. మూడో ఏడాది నర్సరీ సంచుల లెక్క రాస్తుంటే, మా పడవ నడిపే పెద్దాయన (అందరం మావయ్యా అనే పిలిచేవాళ్లం) అడిగాడు: "బాబూ, ఈ బోడి నేల చుట్టూ చెట్లున్నాయి, మధ్యలోనే లేవు. చుట్టూ ఉన్న చెట్లకి విత్తనాలు లేవా, మధ్యలోకి రావా? వచ్చినవి ఎందుకు బతకట్లేదో చూడకుండా నువ్వు ఇంకో నాలుగు తెచ్చి గుచ్చితే ఏం లాభం?" నాకు కోపం వచ్చింది. రాత్రంతా ఆలోచిస్తే అందులో తప్పేమీ కనబడలేదు.

మర్నాడు మేస్త్రీ దగ్గర లెవల్ ట్యూబ్ అడిగి తెచ్చి, నేల ఎత్తులు కొలిచాం. ఆ బోడి మైదానం చుట్టుపక్కల అడవి నేల కంటే జానెడు పైగా లోతుగా, పళ్లెంలా ఉంది. పెద్ద పోటుకి నీళ్లు అంచు దాటి లోపలికి దూకుతున్నాయి, పాటుకి బయటకు రావట్లేదు. ఏప్రిల్‌లో గుంట తీసి, ఊరిన నీళ్లను రిఫ్రాక్టోమీటర్‌లో (ఉప్పదనం కొలిచే మీటరు) చూస్తే సముద్రం కంటే రెట్టింపు దాటి ఉంది. మేం అప్పటిదాకా ఆ మీటరు రొయ్యల రైతులదే అనుకునేవాళ్లం.

పళ్లెం ఎలా తయారైందన్నది అసలు కథ. తమిళనాడులో పిచ్చావరం మడ అడవిలో ఇదే సమస్యను ఎం.ఎస్. స్వామినాథన్ రిసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు, అక్కడి అటవీ శాఖ కలిసి 1990ల్లో తేల్చారు. అంతకుముందు దశాబ్దాల పాటు కలప కోసం అడవిని కూపులుగా విడగొట్టి, ఒక్కో కూపులో చెట్లన్నీ ఒకేసారి నరికేవారు. చెట్లు పోయాక బురద మీద నేరుగా ఎండ పడింది. లోపలి తేమ ఆరిపోయి, వేళ్లు కుళ్లి, నేల కుంగింది. కుంగిన చోట నీళ్లు నిలిచాయి, నీళ్లు ఎండి ఉప్పు చేరింది, ఉప్పుకి కొత్త మొక్క రాలేదు. మొక్క లేదు కాబట్టి నీడ లేదు, నీడ లేదు కాబట్టి ఇంకా ఎండింది. ఇదీ మీరు అడిగిన "తనంతట తానే ఎందుకు కోలుకోదు" అన్నదానికి జవాబు. ఆవరణ వ్యవస్థకు కోలుకునే శక్తి ఉన్న మాట నిజమే. కానీ దెబ్బ ఒక హద్దు దాటాక అది ఇంకో స్థితిలో స్థిరపడిపోతుంది. ఉప్పు మైదానం కూడా స్థిరమైన వ్యవస్థే, దానికి మళ్లీ అడవి కావాల్సిన తొందరేమీ లేదు.

వాళ్లు చేసిన మందు చాలా మామూలుగా కనిపిస్తుంది. ఏటి నుంచి పళ్లెంలోకి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది, అందుకే దాన్ని చేపముల్లు పద్ధతి అంటారు. పోటుకి ప్రతి మూలకూ నీళ్లు వెళ్తాయి, పాటుకి అన్నీ తిరిగి వచ్చేస్తాయి, ఉప్పును కడుక్కుంటూ. తర్వాత మన గోదావరి, కృష్ణా మడ అడవుల్లోనూ ఇదే పద్ధతి వాడారు.

మేం తవ్విన చిన్న కాలువలు పైన ఒకటిన్నర మీటరు, అడుగున అర మీటరు, లోతు ముప్పావు మీటరు. గోడ నిలువుగా తవ్వితే కూలిపోతుంది, ఏటవాలుగా తవ్వాలి. ఇంకో లాభం ఏమిటంటే, ఆ వాలు మీద ఎక్కడో ఒక చోట మొక్కకు సరిపడే ఎత్తు దొరుకుతుంది. మనం కొలతలో తప్పినా వాలు కాపాడుతుంది. మేం వాలు మధ్యలో కొన్ని విత్తనాలు పెట్టాం. రెండో వానాకాలానికి మేం పెట్టని చోట మొలిచినవే ఎక్కువ. ముందు ఇలకూర అనే ఉప్పునేల మొక్క పరిచింది, దాని మాటున తెల్లమడ లేచింది. మావయ్య ఆ ఏడాది ఏమీ అనలేదు, పడవలోంచి చూసి బీడీ వెలిగించుకున్నాడు.

కాలువ తవ్వడంతో పని అయిపోదు. రెండు మూడేళ్లకు పూడిక వస్తుంది. తీయకపోతే మళ్లీ మొదటికొస్తుంది. నిధులు ఇచ్చేవాళ్లకు మొక్కల సంఖ్య కావాలి, పూడికతీతకు ఎవరూ డబ్బివ్వరు. ఒక సంస్థ (పేరు వద్దు) రెండో ఏడాది మా బడ్జెట్‌లో "నిర్వహణ" అన్న గడి మొత్తం కొట్టేసి, ఆ డబ్బు ఇంకో 20 వేల మొక్కలకు మార్చింది. ఆ 20 వేలు ఎక్కడ నాటాలి? ఎత్తైన చోటు లేదు. దాంతో అఖాతం వైపు, పాటుకు తేలే బురద మైదానంలో ఉప్పుపొన్న (ఇంకో మడ జాతి) నాటించాం. నేను ఈ పనిలో చేసిన అతి పెద్ద తప్పు అదే.

ఆ బురద నేల చూడ్డానికి ఖాళీ. మడ విత్తనం అక్కడ తనంతట తాను మొలవకపోవడానికి కారణం ఉంది, అది రోజులో ఎక్కువసేపు నీటిలోనే ఉంటుంది. మడ మొక్కలు మామూలుగా సగటు సముద్రమట్టానికి పైన ఉండే నేలలో బతుకుతాయి, మొత్తం సమయంలో మూడో వంతు కంటే తక్కువసేపు మునిగే చోట. దాని కింద నాటితే కాడ నిండా బార్నకిల్స్ అనే చిన్న గుల్లజీవులు పట్టుకుని, ఆ బరువుకి, అలకి మొక్క వంగిపోతుంది. మాకు అదే జరిగింది. ఫిలిప్పీన్స్‌లో ఇరవై ఏళ్ల పాటు భారీ ఖర్చుతో మడ మొక్కలు నాటితే దీర్ఘకాలంలో నిలిచినవి 10 నుంచి 20 శాతమే. అక్కడా ప్రధాన కారణం ఇదే, తప్పుడు ఎత్తులో తప్పుడు జాతిని నాటడం. పోనీ మొక్కలు బతికాయే అనుకోండి, అప్పుడు ఇంకో నష్టం. ఆ బురదలోని పురుగులు, గుల్లల కోసమే శీతాకాలంలో ఉత్తరాది దేశాల నుంచి ఉల్లంకి పిట్టలు, ఇంకా రకరకాల వలస పక్షులు కాకినాడ అఖాతానికి వస్తాయి. మనకు ఖాళీ అనిపించింది వాటికి వడ్డించిన విస్తరి. చెట్లు లేని ప్రతి చోటా చెట్టు ఉండాలనుకోవడం కూడా ప్రకృతికి మనం చేసే హానే.

"తూము దగ్గర నీళ్లు ఆగితే మొక్కలు పోయాయి, సరే. దానికీ చేపలు తగ్గాయని ఊరివాళ్లు అంటున్నదానికీ సంబంధం ఉందా?" అని చివర్లో అడిగారు. ఉంది, బాగా ఉంది.

మడ ఆకు పచ్చిగా ఉండగా తినేవి తక్కువ. రాలి నీళ్లలో పడ్డాక బ్యాక్టీరియా, బూజు దాన్ని మెత్తబరుస్తాయి. పీతలు ముక్కలు చేసి బొరియల్లోకి లాక్కెళ్తాయి, ఆ బొరియల వల్లే బురదలోకి కాస్త గాలి వెళ్తుంది. ఆ నానిన ఆకు పొడిని చిన్న రొయ్యలు, చేప పిల్లలు తింటాయి. వాటిని పండుగప్ప తింటుంది, పండుగప్పను మనమో, నీటికుక్కో, బావురుపిల్లో తింటుంది. ఇక్కడి కోరింగ మడ అడవిలో బావురుపిల్లులు ఇంకా ఉన్నాయంటే ఈ గొలుసు ఇంకా తెగలేదని అర్థం. అయితే ఈ గొలుసు అడవి లోపలే ముగిసిపోదు. టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పోటుతో పాటు ఏటిలోకి, మడ వేళ్ల మధ్యకు వచ్చి పెరిగి, పెద్దయ్యాక సముద్రానికి తిరిగి వెళ్తాయి. మండపీత ఇక్కడే పెరిగి, ఆడపీత గుడ్లు వదలడానికి సముద్రంలోకి వెళ్తుంది. పండుగప్పదీ ఇలాంటి రాకపోకలే. మీ మట్టిరోడ్డు ఆపింది నీళ్లను ఒక్కటే కాదు. పిల్లలు లోపలికి రాలేవు, ఆకు పొడి బయటకు పోలేదు. సముద్రంలో వల వేసేవాడికి మీ తూము సంగతి తెలియదు, కానీ అతని వలలో తగ్గిన దాంట్లో దాని వాటా ఉంది.

ఒక్క తూము వల్లే చేపలు తగ్గాయని మాత్రం ఊళ్లో చెప్పకండి. సన్న కన్ను వలలు, చెరువుల నుంచి ఏట్లోకి వదిలే నీళ్లు, ఎండాకాలం నదిలో నీళ్లు లేకపోవడం, ఇవన్నీ ఉన్నాయి. 1990ల్లో రొయ్య పిల్లలకు గిరాకీ ఉన్న రోజుల్లో దోమతెర లాంటి వలలతో ఏట్లో పిల్లలను పట్టి, కావాల్సిన టైగర్ పిల్లలను ఏరుకుని మిగతావన్నీ ఒడ్డున పారబోయడం నేను కళ్లారా చూశాను. ఒక దోసెడు టైగర్ పిల్లల కోసం ఎన్ని రకాల చేప పిల్లలు ఎండిపోయేవో.

రొయ్యల చెరువుల గురించి అడిగారు కాబట్టి ఒక మాట. మన దగ్గర మడ నేలలు ఎక్కువగా పోయింది 1980ల చివరి నుంచి వచ్చిన చెరువుల వల్లే. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద కఠినమైన తీర్పు ఇచ్చింది, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఇప్పుడు మడ అడవి సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనల్లో అత్యంత రక్షణ ఉన్న తరగతిలో ఉంది. అయినా నేల పూడ్చడం ఆగలేదు. 2020లో కాకినాడ దమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ నేలను పూడ్చిన వ్యవహారం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. నిజం చెప్పాలంటే నాకు రొయ్యల రైతు మీద కోపం లేదు, మా బంధువుల్లో సగం మంది అదే చేస్తున్నారు. వైరస్ వచ్చి వదిలేసిన చెరువులు ఎన్నో ఉన్నాయి, అక్కడ అడవిని తిరిగి తేవచ్చు. ఒక చోట మేం ప్రయత్నించి సగం ఓడిపోయాం. గట్టుకు ఒకే చోట గండి కొట్టి వదిలేశాం. చెరువు అడుగు ఏటి కంటే లోతు, నీళ్లు వచ్చాయి, పోలేదు. తర్వాత పాత పటాలు చూస్తే ఒకప్పుడు ఆ చెరువు మధ్యలోంచి ఒక చిన్న పాయ వెళ్లేది. గండి ఆ పాయ ఉన్న రెండు చోట్లా కొట్టాల్సింది. నీళ్లకు పాత దారి గుర్తుంటుందని మా మావయ్య అనేవాడు. గుర్తుండటం అంటే పల్లం అటే ఉంటుందన్నమాట.

ఇప్పుడు మీ చేతిలో గానీ నా చేతిలో గానీ లేని సంగతులు కొన్ని. డెల్టా అంటేనే గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆ తర్వాత పైన ఎన్నో జలాశయాలు వచ్చాయి. ధవళేశ్వరం దాటి వచ్చే ఒండ్రు 1970ల నాటితో పోలిస్తే 1990లకు మూడో వంతు దగ్గరకు పడిపోయిందని ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు లెక్క తేల్చారు. ఒండ్రు రాకపోతే ఏమవుతుంది? మడ అడవి ఏటా కాస్త బురద పట్టుకుని తన నేల ఎత్తు తానే పెంచుకుంటుంది, సముద్రం పెరిగినా దాంతోపాటు లేస్తుంది. బురద రాకపోతే లేవలేదు. అప్పుడు దానికి మిగిలిన దారి వెనక్కి, భూమి వైపు జరగడం. వెనక్కి జరుగుదామంటే అక్కడ చెరువు గట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎండాకాలం ఆనకట్ట కింద నదిలో మంచినీళ్లు దాదాపు ఉండవు, అందుకే ఎక్కువ ఉప్పు తట్టుకోలేని జాతులు తగ్గుతూ, ఎక్కడ చూసినా తెల్లమడే కనిపిస్తోంది. గుగ్గిలం, ఉప్పుపొన్న లాంటివి నా చిన్నప్పుడు ఉన్నంత లేవు. అడవి విస్తీర్ణం ఉపగ్రహ పటంలో పెరిగినట్టు కనబడినా, లోపల రకాలు తగ్గడం ఆ పటంలో కనబడదు.

కామెంట్లలో ఒకరు "మడ అడవి ఉంటే తుపాను ఏమీ చేయదు" అని రాశారు. అంత మాట అనకండి. 1999 ఒడిశా పెను తుపానులో, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న చోట ప్రాణనష్టం తక్కువగా ఉందని కేంద్రపడ జిల్లా గ్రామాల మీద జరిగిన పరిశోధన చూపించింది. అల ఉధృతిని, గాలిని అడవి తగ్గిస్తుంది. కానీ 1839లో కోరింగ రేవును తుడిచిపెట్టినంత ఉప్పెన వస్తే ఏ చెట్టూ ఆపలేదు. అడవి ఉంది కదా అని తుపాను షెల్టర్‌కు వెళ్లడం మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. 1996 నవంబరు తుపాను చూసినవాడిగా చెప్తున్నాను.

సరే, మీరు చేయాల్సింది ఏమిటంటే.

మొదట ఆ నేల ఎవరిదో రాతపూర్వకంగా తెలుసుకోండి. కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్ల పైన ఉంది, దాని హద్దులో గానీ రిజర్వు ఫారెస్టులో గానీ పడితే అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక పార మట్టి కూడా తీయకూడదు. రెవెన్యూ నేల అయినా సీఆర్‌జెడ్ వర్తిస్తుంది. మంచి పనికే కదా అని తవ్వితే కేసు మీ మీదే అవుతుంది. అటవీ శాఖ వాళ్లతో కలిసి వెళ్తే పని సులువు, కేంద్రం 2023లో మడ అడవుల కోసం మొదలుపెట్టిన మిష్టి పథకం ఇలాంటి వాటి కోసమే. ఆ కాగితాల పని నాకు పెద్దగా పట్టుబడలేదు, అందులో అనుభవం ఉన్నవాళ్లు కింద రాస్తే బాగుంటుంది.

తర్వాత కొలతలు. ఖరీదైన పరికరం అక్కర్లేదు. మేస్త్రీలు వాడే లెవల్ ట్యూబ్, సున్నం పూసిన నాలుగు వెదురు కర్రలు చాలు. ఒక కర్ర ఏట్లో, ఒకటి తూముకు లోపలి పక్కన, మిగతా రెండూ నేల మధ్యలో. పెద్ద పోటుకి నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో, ఆరు గంటల తర్వాత ఎంత మిగిలాయో రాసుకోండి. పోటు వేళలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. మీ ఆఫీసు పిల్లలు మొక్కలు నాటినంత సరదాగా ఈ పనికి రారు, ఆ సంగతి నాకు తెలుసు. ఇద్దరు వచ్చినా చాలు.

దగ్గర్లో బాగా పెరిగిన తెల్లమడ చెట్టు మొదలు దగ్గర నేల ఎత్తు కూడా కొలవండి. ఇది మర్చిపోవద్దు. మీ నేల ఎంత ఎత్తులో ఉండాలో ఏ పుస్తకం కంటే ఆ చెట్టే బాగా చెప్తుంది.

తూముకు ఏటి వైపు, లోపలి వైపు నీళ్లు ఒకే ఎత్తుకు రావట్లేదంటే జబ్బు అక్కడే ఉంది. పైపు చిన్నదైనా అయ్యుండాలి, ఎత్తులో అయినా వేసుండాలి, పూడిపోయైనా ఉండాలి. రోడ్డు వేసేటప్పుడు పైపు అడుగు ఏటి అడుగు కంటే పైన పెట్టేస్తారు, వాన నీళ్లు పోతే చాలని. అలాంటప్పుడు ఎంత పెద్ద పోటు వచ్చినా పైపు కింద ఉన్న నీళ్లు కదలవు. అదే అయితే చెరువుల రైతులతో కూర్చుని మాట్లాడాలి, రోడ్డు వాళ్లకూ అవసరం కదా. రోడ్డు తవ్వేస్తామని కాకుండా, పెద్ద పైపులు లోతుగా వేస్తామని వెళ్లండి. వానాకాలంలో వాళ్ల గట్లు కూడా ఆ నిలవ నీళ్లకే నానుతున్నాయి, ఆ మాట మీరు చెప్పక్కర్లేదు, వాళ్లే చెప్తారు. పశువులు మేపేవాళ్లను కూడా పిలవండి. తెల్లమడ ఆకంటే గేదెలకు చాలా ఇష్టం, లేత మొక్కలను మొదటి రెండేళ్లు మేపకుండా వదిలితే తర్వాత ఇబ్బంది లేదు.

ఇవేవీ చేయకముందు ఒక్క పని చేయండి. వచ్చే అమావాస్య వెళ్లిన రెండో రోజున పోటు నిండుగా ఉన్నప్పుడు తూముకు రెండు పక్కలా ఫొటో తీయండి, పూర్తిగా పాటు తీశాక మళ్లీ అదే చోట నిలబడి తీయండి. నాలుగు ఫొటోలూ ఇక్కడ పెడితే, పైపు మార్చాలా, లోపల కాలువ కూడా తవ్వాలా అన్నది చూసి చెప్తాను. కర్ర మీద అంగుళాల గుర్తులు కనబడేలా తీయండి, పోయినసారి ఒకాయన వెనక సూర్యాస్తమయం బాగా వచ్చేలా తీశాడు గానీ కర్ర కనబడలేదు.